వయసైపోయిందనేది జబ్బు పేరు కాదు



ఐదారు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఒంట్లో బాగానే ఉందండి. మా ఇంట్లో పుంజుకి బాగోలేదు. నవ్వేవాళ్ళు నవ్వండి, మా ఆవిడా మొదట్లో నవ్వింది. ఒక కోడిపుంజు జబ్బు గురించి పాస్టరుగారు ఇంత రాయాలా అనుకునేవాళ్ళు ఈ వారం ఇక్కడితో ఆపేసినా నాకేమీ బాధ లేదు. కానీ ఈ పుంజు వల్ల మూడేళ్ళుగా నోట్లోనే పెట్టుకున్న ఒక మాట బయటపెట్టాల్సి వచ్చింది. అందుకని రాస్తున్నాను.

ఆ పుంజు మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఆరేళ్ళ క్రితం కోతకాల పండుగకి మా సంఘంలో ఒక పెద్దమ్మ దాన్ని కానుకగా తెచ్చింది. మనవడికి టైఫాయిడ్ తగ్గితే ఇస్తానని మొక్కుకుందట. అప్పటికి దానికి ఆరు నెలల వయసు ఉంటుందేమో. వేలంపాటలో ఒక సహోదరుడు 900 రూపాయలకు పాడి, డబ్బు కట్టి, పుంజుని మాత్రం మా పిల్లల చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఎరుపులో నలుపు కలిసిన రంగు, మా వైపు కాకిడేగ అంటారు. రెండేళ్ళ పాటు సంక్రాంతి ముందు బరుల వాళ్ళు వచ్చి మంచి ధర చెప్పారు. పందేలు నేరమని చట్టం 1960 నుంచీ చెబుతోంది, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. ఇవ్వలేదు. మొక్కుబడిగా వచ్చినదాన్ని కోయడానికీ మనసొప్పలేదు. అలా ఉండిపోయింది.

మన ఊళ్ళల్లో ముసలి పుంజుని దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. ఏడాదిన్నర తిరక్కుండానే పండక్కో, చుట్టానికో, పందేనికో వెళ్ళిపోతుంది. నిజానికి కుక్కకీ పిల్లికీ చిక్కకుండా బాగా చూసుకుంటే నాటుకోడి ఏడెనిమిదేళ్ళు బతుకుతుంది, కొన్ని పదేళ్ళు కూడా. అంతవరకూ ఉండనిచ్చే ఇల్లు ఉండదు కాబట్టి ఆ వయసులో దానికి ఏం వస్తుందో, ఏది వయసు వల్లనో, ఏది జబ్బో మనకి పాఠం లేదు. పాఠం లేని చోట సామెత వస్తుంది. "ముసలిదైపోయింది" అనేస్తాం.

శ్రావణం వానల్లో మొదలైంది. రోజూ చీకటి పడగానే గూటి పక్క మామిడికొమ్మ మీదికి ఎగిరే పుంజు, కింద గడ్డిలోనే కూర్చుండిపోవడం మొదలుపెట్టింది. తోక వాలింది. మేత వేస్తే వస్తుంది, రెండు గింజలు పొడుస్తుంది, పక్కకి వెళ్ళి ఒంటికాలి మీద నిలబడుతుంది. కూత ఆగిపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకి నేను ప్రార్థనకి లేచేది దాని కూతకే, అలారం పెట్టుకోవడం అలవాటు లేదు. రెండు రోజులు ఆలస్యంగా లేచాక గానీ అది కూయడం లేదన్న సంగతి నాకు తట్టలేదు. పేతురుని లేపిన కోడి గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో! నన్ను లేపే కోడి మూగబోతే రెండు రోజులు గమనించలేదు.

ఇక సలహాలు. ఒకాయన "ఆరేళ్ళు దాటింది కదండీ, ఇంకేముంటుంది, కోసేయండి, మాంసం ముదిరినా పులుసుకి బాగుంటుంది" అన్నారు. ఒకావిడ దిష్టి తగిలిందంది. పక్కవీధి కుర్రాడు రెట్ట పచ్చగా ఉందని చూసి "కొక్కెర తెగులు అయ్యగారూ, మిగతా వాటికి అంటుకోకముందే తీసేయండి" అన్నాడు. మా ఆవిడ దాన్ని పట్టుకుని "ఒళ్ళు కాలిపోతోంది, జ్వరం" అంది. నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ గొట్టాలు తెచ్చి, విప్పి, సగం పొడి నీళ్ళలో కలిపి మూడు రోజులు పట్టించాను. ఎందుకు? మా నాన్నగారు అలాగే చేసేవారు కాబట్టి. ఏ జబ్బుకి వేస్తున్నానో నాకు తెలియదు.

నాలుగో రోజు ఆ పెద్దమ్మే వచ్చింది, పుంజుని ఇచ్చినావిడ. అరుగు మీద కూర్చుని కాసేపు దాన్ని చూసింది. "కాలు చూశారా అయ్యగారూ?" అంది.

చూడలేదు.

అందరం దాని వయసుని చూశాం. నేను మందు కూడా పోశాను. కాలు ఎత్తి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. పెద్దమ్మ అన్నది ఇంకోటి కూడా ఉంది: "కుడికాలు మోపుతోంది, ఎడమకాలు ఎత్తుతోంది. వయసు రెండు కాళ్ళకీ ఒకటే కదా." ఇంతకంటే మంచి వైద్యశాస్త్రం నేను చదవలేదు.

ఆ రాత్రి పుంజుని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. చీకట్లో కోడి మెదలదు, టార్చి లైటుంటే చాలు. మొదట రొమ్ము మీద చెయ్యి వేశాను. మధ్య ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. పైకి ఈకలు నిండుగా ఉంటాయి కాబట్టి కోడి చిక్కిపోయిన సంగతి కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. జుట్టు పాలిపోయింది. జుట్టు పాలిపోయిందంటే రక్తం తక్కువైందని, పేలో పురుగులో పీలుస్తున్నాయేమో వెతకమని అర్థం. అదే నీలంగా, ఊదాగా తిరిగితే గుండె, ఊపిరి వైపు చూడాలి. తోక కింద ఈకలు విడదీసి చూస్తే ఈక మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులు, వాటి మధ్య పరుగెత్తే పేలు. కోడి ఆరోగ్యంగా ఉన్నప్పుడు దుమ్ములో పొర్లి పేలు దులుపుకుంటుంది. కాలు నొప్పితో పొర్లలేని కోడికి పేలు పెరుగుతాయి. పేలు పెరిగితే రక్తం తగ్గుతుంది. ఒకదాని వెనక ఒకటి.

కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాకు సిగ్గేసింది. కాలి మీద పొలుసులు నున్నగా అతుక్కుని ఉండాలి. దీని కాళ్ళ మీద పొలుసులు లేచి, వాటి కింద సున్నం పట్టినట్టు తెల్లటి పొట్టు పేరుకుని, కాళ్ళు లావెక్కాయి. ముసలి కోడికి కాళ్ళు అలాగే ఉంటాయనుకున్నాను ఇన్నాళ్ళూ. అది వయసు కాదు. కంటికి కనిపించని పురుగులు పొలుసుల కిందికి దూరి కాపురం పెట్టడం. ఇక ఎడమ అరికాలు తిప్పితే మధ్యలో రూపాయి బిళ్ళంత వాపు, దాని నడిమధ్య నల్లటి పెచ్చు. అంత బరువున్న పుంజు ఆరేళ్ళుగా ఎత్తు కొమ్మ మీంచి మా సిమెంటు చప్టా మీదికి దూకుతోంది. ఎక్కడో చర్మం చిట్లింది, అందులోంచి సూక్ష్మక్రిములు లోపలికి వెళ్ళాయి.

మర్నాడు మండలంలో పశువుల ఆసుపత్రికి గంపలో పెట్టుకుని వెళ్ళాను. గేదెల మధ్య గంప పట్టుకుని కూర్చుంటే జనం చూశారు, చూడనివ్వండి. డాక్టరుగారు చిన్న వయసాయన, ఓపికమంతుడు. పుంజు మీద చెయ్యి వేయకముందే ప్రశ్నలు వేశారు. తూకం ఎంత తగ్గింది? తెలియదన్నాను. పొద్దున్నే మేత వేయకముందు మెడ కింద మేతసంచి ఖాళీగా ఉంటోందా, గట్టిగా ఉంటోందా, మెత్తగా నీళ్ళ తిత్తిలా ఉంటోందా? తెలియదు. రెట్ట ఎలా ఉంది? పచ్చగా ఉందన్నాను. ఎన్ని రోజుల నుంచి? తెలియదు. ఏం పెడుతున్నారు? దీనికి మాత్రం గర్వంగా చెప్పాను: మా సంఘంలో ఒక తమ్ముడు కోళ్ళఫారంలో పని చేస్తాడు, అక్కడి లేయరు మేత మిగిలితే తెచ్చి ఇస్తాడు, మంచి బలమైన మేత. ఆయన నవ్వలేదు. "అది గుడ్లు పెట్టే పెట్టల కోసం చేసింది కదండీ. గుడ్డు పెంకు కట్టడానికని నూటికి మూడున్నర నుంచి నాలుగు పాళ్ళ దాకా కాల్షియం ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజుకి ఒక పాలు చాలు. మిగతాదంతా మూత్రపిండాలే మోయాలి. వయసొచ్చినదానికి అది ఇంకా బరువు" అన్నారు. ప్రేమతో పెట్టిందే భారమైంది.

ఆయన చెప్పినవాటిలో నా బుర్రకెక్కినవి మీకోసం రాస్తాను, ఎందుకంటే ఇవి మన ఇళ్ళల్లో రోజూ పొరపాటు పడేవి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు దాటి ఉంటుంది. మనది 37. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కోడిని పట్టుకున్నా మన చేతికి జ్వరమే అనిపిస్తుంది. రెట్టలో తెల్లటి భాగం రోగం కాదు, కోడి మూత్రం అదే. గోధుమ రంగు రెట్ట, పైన తెల్లటి టోపీ ఉంటే బాగున్నట్టు. మధ్యమధ్యలో ముద్దగా, జిగటగా, కంపు కొట్టే రెట్ట వేసినా కంగారు పడక్కర్లేదు, అదీ మామూలే. పచ్చటి రెట్ట కొక్కెర తెగులులో వస్తుంది, నిజమే. కానీ నాలుగు రోజులు మేత తినని ఏ కోడికైనా వస్తుంది. కడుపులో తిండి లేక పైత్యం ఒక్కటే దిగుతుంది.

మరి కొక్కెర కాదని ఎలా తెలిసింది? ఆ కుర్రాడి అనుమానాన్ని నేను తీసిపారేయలేదు, తీసిపారేయకూడదు కూడా. మనం కొక్కెర అనేదాన్నే డాక్టర్లు రాణిఖేత్ అంటారు, హిమాలయాల వైపున్న ఊరి పేరు అది. 1926లో ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర గుర్తించారు కాబట్టి ప్రపంచమంతా న్యూకాజిల్ అంటుంది. అది వచ్చిందంటే నోరు తెరుచుకుని ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం, కాళ్ళు రెక్కలు పడిపోవడం ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, అది ఒక్కదానితో ఆగదు. మా పెట్టలకి టీకా ఉంది సరే, పక్కింటి వాటికి లేదు. రెండు మందలూ ఒకే పెంటదిబ్బ మీద తిరుగుతాయి. పన్నెండు రోజులు గడిచినా వాటిలో ఒక్కదానికీ ఈక కదల్లేదు. ఇంకెవరికీ రాకుండా, ఒక కాలు మాత్రమే ఎత్తే కొక్కెర ఉండదని డాక్టరుగారు అన్నారు. కాళ్ళు లాగేసే మెరెక్స్ అనే జబ్బు ఇంకోటుంది గానీ అది ఎక్కువగా కుర్రకోళ్ళకి వచ్చేది.

అరికాలి గడ్డని ఆయన శుభ్రం చేసి, పెచ్చు తీసి, లోపలి గట్టి చీము గింజలాంటిది తీసి, కట్టు కట్టి, ఇంజెక్షను రాసిచ్చారు. నేను పోసిన టెట్రాసైక్లిన్ ఎందుకు పనిచేయలేదని అడిగితే, గట్టిపడిన చీము లోపలికి మందు చేరదనీ, కొలత లేకుండా సగం సగం పోస్తే క్రిములు చావవు సరికదా మందుకి అలవాటు పడతాయనీ చెప్పారు. కాళ్ళ పురుగుకి కూడా మందు ఇచ్చారు. దాంతోపాటు రోజు విడిచి రోజు గోరువెచ్చటి సబ్బునీళ్ళతో పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక కొబ్బరినూనె దట్టంగా రాయమన్నారు. నూనె కింద ఆ పురుగుకి గాలి ఆడదట. ఊళ్ళో కిరోసిన్ రాస్తారు, చర్మం కాలిపోతుంది, వద్దన్నారు. పొలుసులు పీకకూడదు, వాటంతట అవే రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. ఒక సంగతి నేను స్వయంగా నేర్చుకున్నాను: అరికాలి గడ్డ చిన్నదే కదా అని ఇంట్లో బ్లేడు పెట్టకండి. లోపల నరాలు, ఎముక చాలా దగ్గర. ఆయన చేస్తుంటే చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంటికొచ్చి కొమ్మ నరికేసి, అడుగున్నర ఎత్తులో వెడల్పాటి దుంగ కట్టాను. చప్టా మీద ఊక పోశాం. గూడు మొత్తం బయటికి లాగి, పగుళ్ళలో చూస్తే పిడుదులు. పగలు పగుళ్ళలో దాక్కుని రాత్రి కోళ్ళ రక్తం తాగుతాయి. అందుకే పగలు ఎంత వెతికినా కోడి ఒంటి మీద కనపడవు. లేయరు మేత మానేసి జొన్నలు, నూకలు, తవుడు, కాస్త ఆకుకూర. కాటా కొన్నాను, సంచిలో పెట్టి వేలాడదీసే చిన్న త్రాసు. ప్రతి శనివారం తూకం. మొదటి శనివారం 2 కిలోల 600 గ్రాములు. దాని ఎముకల సైజుకి మూడుకి పైన ఉండాల్సింది.

ఇంకో విచిత్రం తూకం మొదలుపెట్టాకే తెలిసింది. మేత పెట్టినా బరువు పెరగడం లేదు. దగ్గర కూర్చుని చూస్తే, పుంజు గింజ దొరకగానే ముక్కుతో ఎత్తి కింద పడేస్తూ క్లుక్ క్లుక్ మంటూ పెట్టల్ని పిలుస్తోంది. అవి వచ్చి తినేస్తున్నాయి. మంచి పుంజు లక్షణమే అది. కాళ్ళు బాగున్నప్పుడు పెట్టలు తిన్నాక వెతుక్కుని తాను తినేది, ఇప్పుడు వెతుక్కోలేక పస్తు ఉంటోంది. ఉదయం, సాయంత్రం అరగంట గంప కింద వేరుగా మేత పెట్టాం. రెండు వారాల్లో 2 కిలోల 850. ఏ మందూ ఇంత పని చేయలేదు. సంఘంలో ఇలాంటి తల్లులు నాకు కనీసం నలుగురు తెలుసు, పేర్లు రాయను.

కాలు మానింది, బరువు వచ్చింది, జుట్టు ఎర్రబడింది. కూత మాత్రం రాలేదు. గొంతులో ఏదో ఉందనుకుని మళ్ళీ డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన అడిగిందల్లా "ఇంట్లో ఇంకో పుంజు ఉందా?" అని. ఉంది, దీని కొడుకే, ఏడాది వయసు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ఒక సంగతి తేల్చారట: వెలుతురు మారని గదిలో పెట్టినా కోడి తెల్లవారే వేళకి తనంతట తాను కూస్తుంది, దాని లోపలే గడియారం ఉంది. 2015లో జపాన్ శాస్త్రవేత్తలే ఇంకోటి చూశారు. నాలుగు పుంజులు కలిసి ఉంటే పెద్దరికం ఉన్నదే మొదట కూస్తుంది, మిగతావి దాని వెనక వరసగా కూస్తాయి. అంటే తెల్లవారుజాము కూత గొంతు సంగతి మాత్రమే కాదు, పెద్దరికం సంగతి కూడా. మా పుంజు కుంటుతున్న రోజుల్లో కొడుకు దాని స్థానం తీసుకున్నాడు. నమ్మకం కుదరక చిన్నదాన్ని మూడు రోజులు మా తోడల్లుడుగారి ఇంటికి పంపాను. రెండో రోజు తెల్లవారుజామున ముసలిది కూసింది, కాస్త బొంగురుగా. చిన్నది తిరిగి రాగానే మళ్ళీ మౌనం. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా. నేనే అలారం పెట్టుకుంటున్నాను.

ఇక మొదట్లో చెప్పిన మాట.

మూడేళ్ళ క్రితం ఎండాకాలంలో మా పెట్ట ఒకటి ముడుచుకుని కూర్చుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. చచ్చేలోపు ఎవరికైనా పనికొస్తుందని దాన్ని ఆ పెద్దమ్మకే ఇచ్చి "వండుకోండమ్మా" అన్నాను. దానం చేసినట్టే అనుకున్నాను. ఆవిడ పెరట్లో కోసి కడిగింది. పేగులు, ఈకలు, ఆ నీళ్ళు దిబ్బ మీదికి వెళ్ళాయి. కూర ఉడికితే ప్రమాదం లేదు, ఆ దిబ్బ మీద ఉంది ప్రమాదం. వారం తిరిగేసరికి ఆవిడ 14 కోళ్ళలో 11 చచ్చిపోయాయి. గుడ్లమ్మిన డబ్బుతో బీపీ మాత్రలు కొనుక్కునే మనిషి. నేను ఆవిడ ఇంటికి వెళ్ళాను, ఓదార్చాను, ప్రార్థన చేసి వచ్చాను. ఆ ప్రార్థనలో మా పెట్ట సంగతి లేదు.

ఆ తర్వాత మా కోళ్ళకి టీకాలు తప్పకుండా వేయిస్తున్నాను, మొదటి వారంలో పిల్లలకి కంట్లో చుక్క, రెండు నెలలు నిండాక రెక్క కింద ఇంజెక్షను. ఆవిడ కోళ్ళకి కూడా వేయించాను. అది ప్రాయశ్చిత్తం అనుకున్నాను గానీ, చెప్పకుండా చేసిన మేలు చెప్పకుండా చేసిన కీడుని కప్పడానికే కదా. మొన్న ఆవిడ "కాలు చూశారా" అని అడిగి నన్ను గట్టున పడేసిన తర్వాత ఇక దాచలేకపోయాను. పుంజు మానాక తీసుకెళ్ళి చూపించి, అరుగు మీదే చెప్పాను. ఆవిడ పుంజు కాలు తిప్పి చూస్తూ "తెలుసు అయ్యగారూ. మీ పెట్ట ఈకల రంగు నాకు తెలియదా" అంది. కాసేపాగి "ఈసారి ముందు చెప్పండి" అంది. అంతే. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది, ఎవరికి నచ్చకపోయినా. జబ్బు ఏమిటో తెలియని కోడి మన గుమ్మం దాటకూడదు. సంతకి వెళ్ళకూడదు, చుట్టానికి వెళ్ళకూడదు, పేదవాళ్ళకి దానంగా అసలు వెళ్ళకూడదు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు వైపు బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళని గోతుల్లో పూడ్చిన సంగతి మనమెవరం మర్చిపోలేదు. ఆ వేసవిలోపే పల్నాడు జిల్లాలో చిన్నపాప ఆ జబ్బుతో పోయింది. ఒకేసారి నాలుగైదు కోళ్ళు చచ్చిపోతే మాత్రం ఒళ్ళో పెట్టుకుని చూడొద్దు. చేత్తో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. 1962కి ఫోన్ చేస్తే ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనం వాళ్ళు మాట్లాడతారు, డబ్బు అడగరు. నేను పైన రాసిన ఒళ్ళో పరీక్ష అంతా మిగతావి బాగుండి, ఒక్క కోడే నలిగిపోతున్నప్పటి మాట.

ఈ సంగతులన్నీ చెబితే ఒక సహోదరుడు నన్ను నిలదీశారు. "పిల్లలకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళే చార్జీల్లేని వాళ్ళున్నారు సంఘంలో. మీరు పుంజుకి కాటా కొన్నారు." ఆయన మాటలో బలం ఉంది, నేను ఎదురు చెప్పలేకపోయాను. లెక్క మాత్రం చెప్పాను: కాటా 250, మందులు 180, ఆటో రానూపోనూ 120. గొట్టాల మందుకి అంతకుముందు వృథాగా 60. ఇందులో పుంజుకి నిజంగా పనిచేసినవి చాలావరకు డబ్బు లేనివే: పట్టుకుని చూడటం, వేరుగా మేత పెట్టడం, కొమ్మ కొట్టేయడం. ఆయన సగమే ఒప్పుకున్నారు. కాటా ఇప్పుడు సంఘంలో తిరుగుతోంది, పసిపిల్లని ఉయ్యాల గుడ్డలో పెట్టి తూచుకుంటామని అడిగి తీసుకెళ్ళారు.

బాగుచేయలేనివి ఉండవా అంటే ఉంటాయి. పొట్ట నీళ్ళ తిత్తిలా వేలాడుతూ, జుట్టు నీలంగా మారి, నాలుగడుగులకే ఆయాసపడే ముసలి కోడికి చాలాసార్లు లోపల గుండె గానీ కాలేయం గానీ పోయి ఉంటుంది, గడ్డలూ ఉండొచ్చు. దానికి గొట్టాలు విప్పి పోస్తూ పదిరోజులు బతికించడం జాలి కాదు. డాక్టరు చూసి లాభం లేదంటే త్వరగా ముగించడమే మంచిదని నా ఉద్దేశం. తినొద్దు, లోతుగా పూడ్చి పైన సున్నం వేయండి. ఇది అనడానికి నాకు తేలిక కాదు, మా ఇంట్లో పిల్లలు ఈ మాటకి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ నిర్ణయానికి రావాలన్నా ముందు చూసి ఉండాలి. చూడకుండా కోసేస్తే అది జాలీ కాదు, పొదుపూ కాదు.

నిన్న శనివారం తూకం 3 కిలోల 100. కాళ్ళ మీద కొత్త పొలుసులు మొదలయ్యాయి, కుడికాలికి ముందు. వెనక ముల్లు బాగా పెరిగి వంకర తిరిగింది, కొస అరగదీయించాలి. ఎడమకన్ను మాత్రం తెల్లబడుతోంది. శుక్లమే అన్నారు డాక్టరుగారు. ఆ వైపు వేలు ఆడిస్తే తల తిప్పడం లేదు, గింజ పక్కన నేలని పొడుస్తోంది. ఇది వయసే. నేల మీద చల్లడం మానేసి, నూకలు అంచున్న తెల్లపళ్ళెంలో పోసి, కుడివైపు పెడుతున్నాం.